బీదరు గట్టు దిగే తొవ్వ



మా సంఘంలో ఇప్పుడు ఒక చిన్న తగవు నడుస్తోంది. ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద నిలబడి మాట్లాడుకునే రకం తగవే, భయపడకండి. యవ్వనస్థులు బీదరు పోయి వస్తామంటున్నారు. కోట చూసి, మహమూద్ గవాన్ మదరసా చూసి, అక్కణ్నుంచి అష్టూరు గుంబజుల దగ్గర ఫోటోలు దిగి, సాయంత్రానికి ఇల్లు చేరాలని వాళ్ల ఆలోచన. తుఫాన్ బండి మాట్లాడుకుంటే మనిషికి ఎంత పడుతుందో లెక్క కూడా కట్టేశారు. పెద్దల్లో ఒకాయనకు ఇది నచ్చలేదు. "కోట అంటే సరే. సమాధుల కాడికి మనమెందుకు పోవాలె అయ్యగారూ? ఆడ దీపాలు పెడ్తరు, కొబ్బరికాయలు కొడ్తరు, ఫాతిహా చదువుతరు. మన పిల్లలకు ఆడ ఏం పని?" అని అడిగాడు. రెండు వైపుల వాళ్లూ నా మొహం వైపు చూశారు.

పోవాలి అన్నాను. అష్టూరు దాకా పోవాలి, కానీ బండిని బీదరులోనే ఆపి, ఊరి దర్వాజా నుంచి గట్టు దిగి నడిచి పోవాలి అన్నాను. పెద్దాయనకు మొదటి మాట నచ్చలేదు, పిల్లలకు రెండోది నచ్చలేదు. ఎందుకలా అన్నానో వేపచెట్టు కింద చెప్పేంత తీరిక లేకపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు బీదరు మనకేమవుతుందో చెప్పాలి. ఇప్పటి పిల్లలకు బీదరు అంటే పక్క రాష్ట్రం, వేరే బస్సులు, వేరే బోర్డులు. కానీ 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనే ఉంది. భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు ఆ ఒక్క జిల్లా మూడు ముక్కలైంది. కన్నడం వైపు కొంత మైసూరుకు, మరాఠీ వైపు కొంత బొంబాయికి పోయాయి. జహీరాబాదు వైపూ, మన నారాయణఖేడూ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. 2016లో మళ్లీ సంగారెడ్డి జిల్లా అయ్యాం. తాతల కాలంలో కచేరీ పనికి, కోర్టు పనికి పోవలసిన పట్నం బీదరే. గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగవు. ఇప్పటికీ మన సంతలో నిలబడి వింటే ఒకే బేరం తెలుగులో మొదలై, కన్నడంలో నడిచి, ఉర్దూలో తెగుతుంది. మధ్యలో మరాఠీ, తండా నుంచి వచ్చిన అక్కల లంబాడీ మాట సరేసరి. మన పిల్లలు బీదరు చూడటమంటే పరాయి ఊరు చూడటం కాదు, పాత జిల్లా కేంద్రం చూడటం.

ఇక గట్టు సంగతి. కొండ ఎక్కడం, దిగడం అంటే హిమాలయాలు ఊహించుకునే వాళ్లకు బీదరు గట్టు నవ్వులాటగా ఉండొచ్చు. సముద్రమట్టానికి దాదాపు 2,200 అడుగుల ఎత్తున బల్లపరుపుగా ఉన్న ఎర్రరాతి పీఠభూమి అది. దాని అంచు మీద పట్నం కూర్చుంది. అంచు దిగితే కింద నల్లరేగడి చేలు, వాటి మధ్యన అష్టూరు. దూరం ఎంతో కాదు, మూడు నాలుగు కిలోమీటర్లు. తారు రోడ్డు ఉంది. బండి మీద పోతే పాట ఒకటి పూర్తయ్యేలోపు దిగిపోతారు. నా గొడవంతా అక్కడే.

ఆ పాట వినేలోపు ఏం పోగొట్టుకుంటారో చూడండి. గట్టు పైన నేల ఎర్రగా ఉంటుంది. ఆ రాయిని ముట్టుకుంటే పురుగు తిన్న దూలం లాగా చిల్లులు చిల్లులుగా తగులుతుంది. లేటరైట్ అంటారు. తడిగా ఉన్నప్పుడు గొడ్డలితో చెక్కినట్టు చెక్కొచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. వాన నీళ్లు ఆ చిల్లుల్లోంచి లోపలికి దిగిపోతాయి. కింద బంకమట్టి, దాని కింద నల్లరాయి అడ్డం తగిలేసరికి ఇక దిగలేక, గట్టు అంచున ఎక్కడ సందు దొరికితే అక్కడ ఊటగా బయటికి వస్తాయి. గురునానక్ ఝిరా అలా వచ్చిందే. నడుము లోతు నీళ్లలో నడిచి పోవలసిన నరసింహ ఝర్నీ అలా వచ్చిందే. ఒకే గట్టు కడుపులోంచి వచ్చిన నీళ్ల దగ్గర ఒక చోట సిక్కులు స్నానం చేస్తారు, ఇంకో చోట హిందువులు. ఆ నీళ్లు పైన పడిన నాడు ఎవరి మతానివో అడిగిన వాళ్లు లేరు. కాలినడకన దిగే మనిషికి కాళ్ల కిందే ఎరుపు పోయి నలుపు రావడం తెలుస్తుంది. జాగ్రత్తగా చూస్తే పంట మారుతుంది, చెట్టు మారుతుంది, చెప్పుకు అంటుకునే మట్టి మారుతుంది. మన ఖేడ్ చుట్టూ నేలలు ఎందుకు ఒక్కో ఊరికి ఒక్కో రంగులో ఉన్నాయో పుస్తకం లేకుండా అర్థమయ్యే చోటు అది. వ్యవసాయం చేసే ఇంటి పిల్లలు ఆ మార్పును అద్దంలోంచి చూసి వచ్చేస్తామంటే ఏమనాలి?

తొవ్వ పట్నం తూర్పు వైపు దుల్హన్ దర్వాజా మీదుగా పోతుంది. దిగుతుంటే ముందు వచ్చేది చౌఖండీ. హజ్రత్ ఖలీలుల్లా అనే సూఫీ గురువు సమాధి. ఆయన తండ్రి షా నిమతుల్లా ఇరాన్‌లోని కిర్మాన్ ప్రాంతంలో ప్రసిద్ధుడు. బహమనీ సుల్తాను అహ్మద్ షా ఆయన్ను బీదరుకు రమ్మని వేడుకుంటే ఆయన రాలేదు, మనవణ్ని పంపాడు. తర్వాత కొడుకు ఖలీలుల్లా వచ్చాడు. ఎనిమిది మూలల గోడ, లోపల సమాధి. ద్వారం చుట్టూ నల్లరాతి మీద చెక్కిన అక్షరాలు చూస్తే అవి రాళ్లేనా, వంకీలు తిరిగిన తీగలా అనిపిస్తుంది. ఆ అక్షరాలు నేను చదవలేను. కానీ దేవుని మాటను అంత ఓపికగా రాతిలో చెక్కిన చేతిని గౌరవించకుండా ఉండలేను. మనం వాక్యాన్ని ఫ్లెక్సీ మీద కొట్టించి మూడు నెలలకే చింపేసే కాలంలో ఉన్నాం.

అక్కణ్నుంచి ఇంకొంచెం కిందికి పోతే చేల మధ్య బహమనీ రాజుల గుంబజులు వరసగా కనపడతాయి. ఒక్క సంగతి నడిచే వాళ్లకే తడుతుంది. ఆ రాజులందరూ పైన గట్టు మీద, కోటలో, రంగీన్ మహళ్లలో, తఖ్త్ మహళ్లలో బతికారు. చివరికి వాళ్లందరూ ఇదే వాలు మీదుగా ఒకరి భుజాల మీద దిగారు. వాళ్లలో ఒక్కరూ తిరిగి ఎక్కలేదు. మనం ఎక్కుతాం, మధ్యాహ్నం ఎండలో ఆయాసపడుతూ. ఆ ఆయాసం విలువ ఏమిటో గుంబజుల దగ్గర కాసేపు కూర్చుని పైకి చూసిన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మొదటి పెద్ద గుంబజు అహ్మద్ షాది. 1422లో గుల్బర్గాలో గద్దెనెక్కి, తర్వాత రాజధానిని బీదరుకు మార్చినవాడు ఈయనే. 1436లో చనిపోయాడు. లోపలికి పోయాక కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. తర్వాత ఒక్కొక్కటిగా గోడల మీది రంగులు, బంగారు రాతలు బయటపడతాయి. ఆరు వందల ఏళ్ల నాటి రంగులవి. తొందరగా పోవాలన్న వాళ్లకు అక్కడ చీకటి తప్ప ఏమీ కనపడదు.

ఈ అహ్మద్ షాను జనం వలీ అన్నారు. వలీ అంటే దేవునికి దగ్గరివాడు. ఎందుకన్నారో ఫెరిష్తా తన చరిత్రలో రాశాడు. ఆయన గద్దెనెక్కిన తొలి రోజుల్లో పెద్ద కరువు పడింది. సుల్తాను ఊరి బయటికి పోయి, ఎత్తైన చోట నిలబడి, నేల మీద పడి వాన కోసం ప్రార్థన చేశాడట. మబ్బులు వచ్చాయట, వాన పడిందట. అప్పటి నుంచి వలీ అయ్యాడు. మన తాలూకాలో ఆషాఢం గడిచినా మొలక రాని ఏడాది ఎలా ఉంటుందో తెలిసిన వాళ్లెవరూ ఈ కథను చులకన చేయరు. ఇదే సుల్తాను 1425లో ఓరుగల్లును పట్టుకున్నాడు. విజయనగరం మీద చేసిన దండయాత్రలో ఊళ్లకు ఊళ్లను కత్తికి బలి చేశాడని అదే ఫెరిష్తా రాశాడు. రెండూ ఒకే మనిషి చేసినవి. పిల్లలకు చెప్పేటప్పుడు ఒకటి దాచి ఒకటి చెప్పొద్దని ఆదివారం బడి ఉపాధ్యాయులను కోరుతున్నాను. దావీదు కథలో కీర్తనలూ చెబుతాం, ఊరియా సంగతీ చెబుతాం కదా.

ఇంకో గుంబజు ఉంది, హుమాయూన్ షాది. ఢిల్లీ హుమాయూన్ కాదు, ఈయన 1458 నుంచి 1461 దాకా బీదరును ఏలినవాడు. చరిత్రలో ఆయన పేరు పక్కన జాలిం, అంటే క్రూరుడు అనే మాట అంటుకుపోయింది. పిడుగు పడి ఆయన గుంబజు చీలి, సగం కూలిపోయింది. మిగిలిన సగం, కోసిన గుమ్మడికాయలాగా, గోడ మందం లోపలి దాకా చూపిస్తూ నిలబడి ఉంది. చుట్టుపక్కల ఎవరినడిగినా దేవుడు వేసిన శిక్ష అంటారు. మన విశ్వాసులు కూడా అది చూసి తల ఊపుతారని నాకు తెలుసు, పిల్లలకు నీతికథ చెప్పడానికి అంత తేలికైన వస్తువు ఇంకోటి దొరకదు. నేను మాత్రం ఒప్పుకోను. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతా వాళ్ల కంటే పాపులని అనుకుంటున్నారా అని యేసు ఎదురు ప్రశ్న వేశాడు. పిడుగు ఎత్తైన దాని మీద పడుతుంది. రేపు మన గుడి శిఖరం మీద పడితే ఏమంటాం? హుమాయూన్ క్రూరత్వానికి సాక్ష్యం కావాలంటే ఆయన చేతిలో చచ్చిన వాళ్ల సంగతి చాలు, మబ్బుల్ని సాక్షికి పిలవనక్కర్లేదు.

వరసలో ముందుకు పోయే కొద్దీ గుంబజులు చిన్నవవుతాయి. రాజ్యం బరీదు మంత్రుల చేతిలోకి పోయి, రాజులు పేరుకే మిగిలారు. చివరి రాజు కలీముల్లా సమాధి చూసి ఇది రాజుదేనా అని అడుగుతారు. బండి దిగి ఫోటో తీసుకునే వాళ్లు పెద్ద గుంబజుల దగ్గరే ఆగుతారు కాబట్టి ఈ చిన్నది వాళ్ల ఫోన్లలో ఉండదు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. ఆయన చెప్పింది నిజమే. అహ్మద్ షా సమాధి దగ్గర దీపాలు పెడతారు, కొబ్బరికాయలు కొడతారు, ఫాతిహా కూడా చదువుతారు. ప్రతి ఏడూ హోళీ తర్వాత ఉర్సు జరుగుతుంది. ముస్లిం పండుగలన్నీ చాంద్రమానం మీద ఏడాది పొడుగునా తిరుగుతుంటాయి కదా, ఈ ఉర్సు మాత్రం హిందూ పంచాంగాన్ని పట్టుకుని నడుస్తుంది. దాన్ని నడిపించడానికి కలబురగి జిల్లా మాడ్యాల నుంచి ఒక లింగాయతు జంగమయ్య తన వాళ్లతో వస్తాడు. కాలినడకన వస్తాడు. శంఖం ఊదుతారు. ముస్లింలకు ఆ సమాధిలో ఉన్నది వలీ. లింగాయతులకు ఆయన అల్లమప్రభు. బసవన్న నడిచిన కల్యాణం ఇదే బీదరు జిల్లాలోని బసవకల్యాణం కాబట్టి అల్లముడి పేరు ఇక్కడ ప్రతి ఇంట్లో తెలిసిన పేరే. ఒకే మనిషిని ఇద్దరు రెండు పేర్లతో పిలుస్తారు, ఒకరి పేరు ఇంకొకరికి అడ్డం రాలేదు.

పెద్దయ్యా, మనం అక్కడ కొబ్బరికాయ కొట్టం. దీపం పెట్టం. సమాధిలో ఉన్నవాణ్ని ఏమీ అడగం. మనం అడగవలసిన వాడు సమాధిలో లేడన్నదే మన విశ్వాసం. అలా నమ్మే వాళ్లం, ఒక సమాధిని చూసి ఎందుకు జడుసుకోవాలి? పక్క మనిషి ఎలా మొక్కుతాడో చూసినంత మాత్రాన మన విశ్వాసం కరిగిపోతే, ఆ తప్పు చూసిన కంటిది అనుకోను.

ఈ గట్టు మీద ఒక క్రైస్తవుడు అయిదు వందల యాభై ఏళ్ల కిందట నివసించాడని మన వాళ్లలో చాలామందికి తెలియదు. పేరు అఫనాసీ నికితిన్. రష్యాలో వోల్గా నది ఒడ్డున త్వేర్ అనే ఊరి వర్తకుడు. దారిలో దోపిడీ జరిగి సరుకూ పోయింది, ప్రార్థన పుస్తకాలూ పోయాయి. ఇరాన్ మీదుగా, సముద్రం దాటి చౌల్ రేవులో దిగి, జున్నరు మీదుగా 1470 ప్రాంతంలో బీదరు చేరాడు. వెంట తెచ్చిన ఒక్క గుర్రాన్ని ఇక్కడే అమ్ముకున్నాడు. తర్వాత రాసుకున్న యాత్రా పుస్తకం పేరు మూడు సముద్రాల ఆవలి ప్రయాణం. అందులో సుల్తాను ఊరేగింపు ఎంత ఆర్భాటమో రాశాడు. ప్రభువులు వెండి పల్లకీల్లో తిరుగుతుంటే పల్లెల జనం కటిక పేదరికంలో ఉన్నారని కూడా రాశాడు. గట్టు పైనా కిందా చూసిన మనిషే ఆ రెండూ ఒకే పుస్తకంలో రాయగలడు.

నాకు ఆయన దగ్గర ఆగబుద్ధయ్యేది ఇంకో చోట. పుస్తకాలు పోవడంతో క్రిస్మస్ ఎప్పుడో, ఈస్టరు ఎప్పుడో ఆయనకు లెక్క తెలియకుండా పోయింది. తోటి క్రైస్తవుడు ఒక్కడూ లేడు. అంచనా మీద ఉపవాసాలు ఉన్నాడు, అంచనా మీద పండుగ చేసుకున్నాడు, నా విశ్వాసం ఏమవుతుందో అని పుస్తకంలో కుమిలిపోయాడు. మతం మార్చుకోమని ఒత్తిడి చేసిన వాళ్లూ ఎదురయ్యారు. అలాంటి మనిషి బీదరులో హిందువులతో స్నేహం చేశాడు. నేను ముస్లింను కాను, క్రైస్తవుణ్ని అని వాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత వాళ్లు తమ తిండీ, పూజలూ, ఇంటి ఆడవాళ్లనూ ఆయన దగ్గర దాచడం మానేశారని రాశాడు. శివరాత్రికి వాళ్లు పర్వతానికి ప్రయాణమైతే ఆయనా వాళ్ల వెంట పోయాడు. పర్వతం అంటే శ్రీశైలమే అని పండితులు చెబుతారు. నల్లమల దారిలో, జాతర జనంతో, తన శిలువను తన దగ్గరే పెట్టుకుని నడిచిన ఆ వర్తకుణ్ని ఊహించుకోండి. అక్కడ చూసినదంతా వివరంగా రాశాడు, తాను మాత్రం తన ప్రార్థనే చేసుకున్నాడు. చివరికి సొంత ఊరు చేరకముందే స్మోలెన్స్క్ దగ్గర చనిపోయాడు. పుస్తకం లేక, పాస్టరు లేక, సంఘం లేక ఆయన నిలబెట్టుకున్న విశ్వాసాన్ని, వారానికి మూడు కూడికలున్న మన పిల్లలు ఒక్క పూట అష్టూరు పోయినందుకు పోగొట్టుకుంటారని నేను నమ్మను.

ఈ మధ్య ఫోన్లలో తిరిగే మాటలు మీరూ చూస్తున్నారు. ఫలానా వాళ్ల దుకాణంలో కొనొద్దు, ఫలానా వాళ్ల పండుగకు పోవద్దు అని. అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి, మన వైపు నుంచి కూడా. ఖేడ్ లాంటి సరిహద్దు ఊరు అలాంటి మాటల మీద బతకలేదు. మన ఎడ్లను కొనేవాడు, మన గాయానికి కట్టు కట్టేవాడు, మన పిల్లల్ని బడికి తీసుకుపోయే ఆటోవాడు అందరూ మన సంఘం వాళ్లే కారు కదా. అష్టూరులో తరతరాలుగా ఏటేటా ఒక మనిషి నడిచి వచ్చి ఒక పని చేసి పోతున్నాడు, ఊరు కూలిపోలేదు. ఇది పిల్లలకు పాఠంగా చెప్పి లాభం లేదు. ఆ తొవ్వలో వాళ్ల పాదాలు పడాలి.

నడక గురించి కూడా రెండు మాటలు. సరదాకు నడవడం అనేది మన దగ్గర అందరికీ రుచించే మాట కాదు. దసరా, దీపావళి దాటగానే మన తండాలు సగం ఖాళీ అవుతాయి. చెరకు కొట్టడానికి పోతారు, జహీరాబాదు వైపు, కర్ణాటక వైపు, మహారాష్ట్ర వైపు. ముల్లె నెత్తిన, పిల్ల చంకన. వాళ్లలో ఒకామెను, గట్టు దిగి నడుద్దాం రామ్మా, ఆరోగ్యానికి మంచిది అని పిలిస్తే నా మొహాన నవ్వుతుంది, న్యాయమే. పొలాల్లో రోజంతా నడిచే వాళ్లకు ఈ వ్యాసం కాదు. బడికి బస్సులో, గుడికి బైకు మీద, పక్క వీధికి కూడా బైకు మీదే పోయే మన చదువుకున్న పిల్లలకు, వాళ్లకు దారి చూపుతున్న నాలాంటి పాస్టర్లకు ఇది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో సువార్త చెప్పిన వాళ్లు ఊరికి ఊరికి మధ్య నడిచారు, మరీ దూరమైతే ఎడ్లబండి కట్టారు. నడిచేవాడికి బావి దగ్గర నీళ్లడగక తప్పదు. నీళ్లడిగినవాడికి ఆ ఊరి కష్టం వినక తప్పదు. బండిలో పోయేవాడి దగ్గర నీళ్ల సీసా ఉంటుంది.

ఎమ్మాయు దారిని గుర్తు చేసుకోండి. అక్కడా ఇంతే, ఒకవైపు రాజుల పాత పట్నం, యెరూషలేము, కొండల మీద ఉన్నది. ఇంకోవైపు పేరు సరిగా ఎవరికీ తెలియని పల్లె. మధ్యన కొండదారి. మన తెలుగు బైబిలు ఆ దూరాన్ని ఆమడ అంది. ఎంత మంచి మాట వేశారో! కిలోమీటర్లలో చెబితే పది పదకొండు. ఆమడ అంటే మన ముసలివాళ్లకు వెంటనే కాళ్లలో తెలుస్తుంది, చీకటి పడేలోపు చేరతామా లేదా అని. క్లెయొపా, అతని తోటివాడు దుఃఖంతో నడుస్తుంటే ఎవరో బాటసారి వచ్చి కలిశాడు. ఏమిటి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వాళ్లు చెప్పారు, ఆయన విన్నాడు. తర్వాత ఆయన చెప్పాడు, వాళ్లు విన్నారు. ఆ సంభాషణకు రెండు మూడు గంటలు పట్టి ఉంటుంది. ఆ రోజు వాళ్లిద్దరికీ బైకు ఉండి ఉంటే, దారిన పోయే ఆ మనిషి దుమ్ములో వెనకబడిపోయేవాడు. ఊరు చేరాక కూడా, పొద్దు వాలింది, మా ఇంట్లో ఉండమని బలవంతం చేశారే, అది అంత దూరం కలిసి నడిచినందుకే చేశారు. ముక్కూ మొహం తెలియని వాణ్ని మనలో ఎవరు భోజనానికి పిలుస్తాం? ఆ రాత్రే వాళ్లు మళ్లీ అదే కొండదారి ఎక్కి పట్నానికి పరుగెత్తారు.

కాబట్టి పెద్దల ముందు నేను పెట్టబోయేది ఇది. తుఫాన్ బండి బీదరు దాకా మాట్లాడుకోవచ్చు, మంజీర దాటి అంత దూరం నడవమని ఎవరినీ అనను. కోట, మదరసా పొద్దున్నే చూడాలి. మదరసా 1472 నాటిది, ఎదురుగా మిగిలిన ఒక్క మీనారు మీద నీలిరంగు పలకలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి, పిల్లలు లెక్కపెట్టవచ్చు. తర్వాత దుల్హన్ దర్వాజా నుంచి నడక. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఆటోలో వచ్చి చౌఖండీ దగ్గర కలవొచ్చు, దానికి ఎవరూ ఏమీ అనుకోకూడదు. దిగేటప్పుడు ఇద్దరిద్దరుగా నడవాలి. ఫోన్లు సంచిలో ఉండాలి, గుంబజుల దగ్గర పావుగంట బయటికి తీయొచ్చు. లోపలికి పోయేటప్పుడు చెప్పులు విడవాలి, ఆడపిల్లలు చున్నీ తల మీదికి తీసుకోవాలి. అక్కడ మొక్కుకునే వాళ్లుంటే పక్కకు జరిగి మౌనంగా నిలబడాలి. ఎవరికీ కరపత్రాలు ఇవ్వొద్దు, ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా ఉన్నాను. ఎవరైనా మీరెవరని అడిగితే ఖేడ్ నుంచి వచ్చాం, క్రైస్తవులం అని నికితిన్ లాగా ఉన్నది చెప్పాలి.

జొన్నరొట్టె, పచ్చడి, ఉల్లిగడ్డ ఎవరి ఇంటి నుంచి వాళ్లు కట్టుకోవాలి. గుంబజుల గడ్డి మీద ఎంగిలి కాగితాలు వదలకుండా ఒక ఖాళీ సంచి నేను పట్టుకొస్తాను. పక్కన చేలో పని చేసుకునే వాళ్లు ఎవరైనా ఉంటే రొట్టె తినమని పిలవండి. తినడం అయ్యాక, ఎండ కాస్త వాలాక, ఎక్కడం మొదలుపెడదాం. ఎక్కేటప్పుడు పెద్దాయన నా పక్కన నడవాలని నా కోరిక. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. కానీ నిన్న సాయంత్రం దారిలో ఎదురుపడి, ఆ గట్టు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. గంట పడుతుంది పెద్దయ్యా, మధ్యలో రెండు సార్లు కూర్చుందాం అన్నాను.